సంగటి ముద్ద, ఇంగ్లీషు ఉత్తరం

రూతమ్మ పోయిందన్న సంగతి నాకు ఫోన్లో తెలిసింది. పొద్దున ఏడు గంటలకు కర్నూలులో మా ఇంటి వరండాలో కూర్చుని, ఒక చేత్తో కాఫీ గ్లాసు, ఇంకో చేత్తో ఫోను పట్టుకొని ఉన్నాను. మా ఊరి చర్చి వాళ్లంతా ఉండే గ్రూపులో రూతమ్మ కూతురు మేరి ఒక ఫోటో పెట్టింది. తల్లి తెల్ల చీర కట్టుకొని కుర్చీలో కూర్చున్న ఫోటో. తెల్లవారుజామున అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది, సాయంత్రం సమాధి కార్యక్రమం, అని కింద రాసింది. నేను గ్లాసు కింద పెట్టాను. మేరికి విడిగా, బొటనవేలితో, మై హార్ట్ గోస్ అవుట్ టు యూ అని కొట్టి పంపాను. గ్రూపులో కూడా అదే పెట్టాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు. మళ్లీ గ్లాసు తీసుకుంటే కాఫీ ఇంకా వేడిగానే ఉంది. మేరి రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి తిరిగి పంపింది. పాపం రూతమ్మ, అనుకొని లేచి, నీళ్లు వచ్చే వేళయిందని మోటారు వేయడానికి పోయాను.

సాయంత్రం ఫోను తీసి చూస్తే గ్రూపులో నా మాట కింద అదే మాట వరుసగా ఉంది. ఒకటి కాదు, రెండు కాదు, పదకొండు సార్లు. పంపినవాళ్లలో సగం మంది నా దగ్గర ఇంగ్లీషు చదువుకున్నవాళ్లే. ఒకడు బెంగళూరులో, ఒకతె రాయచోటిలో, ఒకడు మంగంపేట ముగ్గురాయి గనుల్లో గుమాస్తా. తరగతిలో నేను ముందు చదివితే నా వెనక అందరూ కలిసి చదివినట్టుంది. అది చూసి మొదట నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తి కాకముందే, ఈ మాటను నేను రూతమ్మ ఇంటికి పంపడం ఇది రెండోసారి అని గుర్తొచ్చింది.

ముప్పై ఏళ్లు ఆ మాటకు అర్థం చెప్పి బతికినదాన్ని నేను. తొమ్మిదో తరగతిలో ఉత్తరాలు రాయడం నేర్పేటప్పుడు, పరామర్శ ఉత్తరం వంతు వచ్చిందంటే నాకు ఉత్సాహం. దీన్ని ఎప్పుడు వాడాలి, ఎవరికి వాడాలి అని బోర్డు మీద రాసి మరీ చెప్పేదాన్ని. పెద్ద కష్టం వచ్చినవాళ్లకు వాడాలి. పెన్ను పోగొట్టుకున్నవాడికి వాడకూడదు. పరీక్ష తప్పినవాడికి వాడొచ్చా టీచర్ అని ఎవడో అడిగేవాడు. వాడి నాయన కోపిష్టి అయితే వాడొచ్చు అనేదాన్ని, తరగతంతా గొల్లుమనేది. ఒక సంవత్సరం ముందు బెంచీ పిల్ల ఒకతె లేచి, దీన్ని తెలుగులో ఏమంటారు టీచర్ అని అడిగింది. కాసేపు ఆలోచించి, మనం అయ్యో అంటాం, వాళ్లు ఇంత పొడుగున అంటారు అని చెప్పాను. అది సరైన జవాబు కాదని నాకు తెలుసు. సరైన జవాబు నాకు చిన్నప్పుడే తెలుసు. మా జేజి ఎన్నోసార్లు నా కళ్ల ముందు చేసి చూపించింది.

జేజి అంటే మా నాయన వాళ్లమ్మ. మాది ఓర్వకల్లు దాటాక రాళ్లగుట్టల కింద చిన్న ఊరు. ఊరి చివర చర్చి, చర్చి చుట్టూ మా పేట, యాభై ఇళ్లు. అందరూ కూలీనాలీ చేసుకునేవాళ్లు, కొందరికి ఎకరా అరెకరా. మా పేటలో ఒక ఆచారం ఉండేది. ఎవరు మొదలుపెట్టారో ఏ పాస్టరయ్యకూ తెలియదు, ఎవరూ వద్దనలేదు. ఎవరింట్లోనైనా మనిషి పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. సమాధి చేసి వచ్చాక, ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ దుఃఖంలో ఉన్నవాళ్లను కూర్చోబెట్టి, పెద్దవాళ్లు ఒక్కటే అడుగుతారు, ఎవరి చేతి ముద్ద తింటావు అని. వాళ్లు ఒక పేరు చెప్తారు. ఆ ఇంటి మనిషి పేరు, రక్తసంబంధం ఉన్నవాళ్ల పేరు చెప్పకూడదు. బయటి మనిషే కావాలి. ఆ మనిషి ఎక్కడున్నా కబురు పోతుంది. ఆ మనిషి తన ఇంట్లో తన పొయ్యి మీద సంగటి వండి, తెచ్చి, తన చేత్తో మొదటి ముద్ద పెట్టాలి. అంతదాకా వీళ్లు మంచినీళ్లు తప్ప ముట్టరు. ముద్ద పడ్డాకే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

పేటలో సగం మంది మా జేజి పేరే చెప్పేవాళ్లు. ఆమె మాటకారి కాదు, అందగత్తె కాదు, నలుగురిలో నవ్వి మాట్లాడే మనిషి అసలే కాదు. కోడళ్ల మీద కేకలు వేసేది. నన్ను రోజుకు నాలుగు సార్లు తిట్టేది. కానీ ముద్ద కబురు వచ్చిందంటే ఆమె వేరే మనిషి. చేతులు బూడిదతో తోముకునేది. ఎసట్లో నూకలు ఉడికాక రాగిపిండి పోసి, మూత పెట్టి, మంట తగ్గించి, పొయ్యి ముందే కూర్చునేది. ఆ కాస్తసేపూ ఎవరు పిలిచినా పలికేది కాదు. పిండి ఉడికిన వాసన ఇల్లంతా పట్టాక లేచి, కుండను రెండు పాదాల మధ్య పట్టుకొని, తెడ్డుతో గెలికేది. ఉండలు కట్టనిచ్చేది కాదు. తడి చేత్తో ముద్దలు చేసి, సత్తు గిన్నెలో పెట్టి, పైన గుడ్డ కట్టి, నన్ను వెంటబెట్టుకొని పోయేది. నేను మజ్జిగ చెంబు పట్టుకొని వెనకాల నడిచేదాన్ని.

అక్కడికి పోయాక జేజి ఒక్క మాట మాట్లాడేది కాదు. ఏడవద్దు అనేది కాదు, దేవుని చిత్తం అనేది కాదు. పక్కన కూర్చొని చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టేది. పెట్టాక తన ఎడమ చెయ్యి వాళ్ల వీపు మీద ఆనించి, వాళ్లు మింగేదాకా తీసేది కాదు. కొందరు నోట్లో ముద్ద పెట్టుకొని గంటసేపు అట్లే ఉండేవాళ్లు. జేజి కూడా అట్లే ఉండేది. ఒకసారి దారిలో అడిగాను, వీపు మీద చెయ్యి ఎందుకు జేజీ అని.

"దుఃఖంలో గొంతు మూసుకపోతాదే పిల్లా. చెయ్యి ఉంటేనే దిగుతాది" అంది.

రూతమ్మ మా ఎదురింటి పిల్ల. నాకన్నా నాలుగు నెలలు చిన్నది. ఇద్దరం కలిసే ఐదో తరగతి దాకా చదివాం. తర్వాత ఆమెను చెనక్కాయల పనికి పంపారు, నన్ను బడికి పంపారు. అందులో మా గొప్పా లేదు, వాళ్ల తప్పూ లేదు. మా నాయనకు చర్చి బడిలో అటెండరు పని ఉండేది, వాళ్ల నాయన దేవదానం మామకు రోజు కూలి. అంతే తేడా. నేను బడి నుంచి వచ్చేసరికి ఆమె చేను నుంచి వచ్చేది. వాళ్ల గోడ వారన కూర్చుని, ఒళ్లో పోసుకొచ్చిన పచ్చి చెనక్కాయలు వలిచి నా నోట్లో వేసేది. ఏం మే సుగుణీ, ఈ పొద్దు ఏం చెప్పినారు మే బళ్లో, అని అడిగేది. నా పేరు సుగుణ. సుగుణీ అని పిలిచింది ఈ లోకంలో ఆమె ఒక్కతే. నేను చెప్పినదంతా ఆమెకు కంఠతా వచ్చేది. నా ఇంగ్లీషు పద్యాలు ఆమె నాకంటే బాగా అప్పజెప్పేది, ఒక్క ముక్క అర్థం తెలియకుండానే.

నేను డిగ్రీకి కర్నూలు హాస్టల్లో చేరాను. మా పేటలో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లను. ఆ మాట అందరూ అంటుంటే వినీ వినీ నాకు తలకెక్కింది, దాచుకోవడం ఎందుకు. అక్కడ మా ఇంగ్లీషు లెక్చరరు గారు, గంజి చొక్కా వేసుకొని, చాక్‌పీసు రెండు వేళ్లతో సిగరెట్టులా పట్టుకొని, ఒక రోజు ఆ వాక్యం చెప్పారు. మై హార్ట్ గోస్ అవుట్ టు యూ. నా గుండె నన్ను విడిచి నీ దగ్గరికి వస్తోంది అని చెప్పడమన్నమాట అమ్మా, అన్నారు. ఎంత అందంగా ఉందో అనిపించింది. ఆ రాత్రి నోట్సులో ఐదుసార్లు రాసుకున్నాను. ఎవరికైనా వాడాలని ఉండేది. ఎవరికైనా కష్టం వస్తే బాగుండునని నేను కోరుకోలేదు గానీ, వస్తే వాడడానికి సిద్ధంగా మాత్రం ఉన్నాను.

పది రోజులకే కబురు వచ్చింది. మా ఊరి బస్సు కండక్టరు హాస్టలు గేటు దగ్గర నిలబడి పిలిపించాడు.

"మీ దేవదానం మామ పోయినాడమ్మా, జ్వరం వచ్చి. నిన్న సమాధి చేసినారు. ఆ పిల్ల రూతమ్మ నీ పేరు చెప్పినాదంట ముద్దకు. మీ జేజి చెప్పమన్నాది. సాయంత్రం బస్సు ఇదే, నేనే ఉంటా. వస్తావా?"

నేను ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను, అది నటన కాదు. దేవదానం మామ నన్ను భుజం మీద ఎక్కించుకొని తిప్పినవాడు. కానీ ఏడుస్తూ ఏడుస్తూనే నా బుర్రలో ఒక ఆలోచన మొలిచింది. సంగటి ముద్ద ఎవరైనా పెడతారు. ఇంగ్లీషులో ఉత్తరం మా పేటలో ఎవరు రాయగలరు? దేవదానం మామ చావుకు ఇంగ్లీషు ఉత్తరం వచ్చిందంటే ఎంత మర్యాద! పాస్టరయ్య చదివి వినిపిస్తాడు, పేటంతా వింటుంది. సెలవు అడిగితే వార్డెన్ ఇచ్చేదే. నేను అడగలేదు. కండక్టరును అరగంట నిలబెట్టి, గీతల కాగితం మీద చక్కటి అక్షరాలతో రాసి, కవర్లో పెట్టి ఇచ్చాను. అతను కవరు చూశాడు, నన్ను చూశాడు. నువ్వు రావా అమ్మా అని ఇంకోసారి అడిగాడు. ఇది ఇయ్యి అన్నా, చాలు, అన్నాను.

తర్వాత జరిగింది జేజి చెప్పింది. తిడుతూ చెప్పి ఉంటే బాగుండేది. తిట్టలేదు. నాయన సమాధి అయినప్పటి నుంచి ఆ సాయంత్రం దాకా రూతమ్మ ఏమీ ముట్టకుండా వాళ్ల గోడ వారనే కూర్చుందట. బస్సు వచ్చిన మోత వినిపించగానే లేచి నిలబడిందట. కవరు వచ్చింది. ఇంగ్లీషులో ఉందని పాస్టరయ్యను పిలిచారు. ఆయన మంచివాడు, చదువుకున్నవాడు. ఏమీ తప్పు చెప్పలేదు. ఉత్తరం అంతా చదివి, ఒక్కో మాటకూ అర్థం చెప్పాడట. నీ దుఃఖం చూసి సుగుణ గుండె నీ దగ్గరికి వస్తోంది అని రాసింది తల్లీ, చాలా మంచి మాట, అన్నాడట. అందరూ తలలు ఊపారట. రూతమ్మ ఆ కాగితం చేతిలోకి తీసుకొని, తిప్పి చూసి, పాస్టరయ్యను అడిగిందట.

"అయితే ఇంక రాదా అయ్యగారూ?"

 జేజి ఇంటికి పోయి సంగటి వండుకొచ్చి ముద్ద పెట్టింది. పేరు చెప్పిన మనిషిది కాకుండా వేరే చేతి ముద్ద పెట్టడం పేటలో అదే మొదటిసారి.

సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు నేను భయపడుతూనే ఎదురింటికి పోయాను. గొడవ పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెంటికీ సిద్ధపడి పోయాను. ఆమె చాట కింద పెట్టి లేచింది. రండి, కూర్చోండి, అంది. చెనక్కాయలు తెచ్చి పళ్లెంలో పెట్టి ముందు పెట్టింది, వలవకుండా.  ఆ రోజు నుంచి మొన్న పోయేదాకా రూతమ్మ నన్ను మీరు అనే పిలిచింది. నేను ఉద్యోగంలో చేరాక టీచరమ్మ అయ్యాను. నా పెళ్లికి వచ్చి రెండు రోజులు పని చేసింది. ఆమె పెళ్లికి నేను చీర పెట్టాను, పెళ్లయినా ఆమె ఆ ఇంట్లోనే ఉంది. పండగలకు పలకరించుకున్నాం, జబ్బులకు చూసుకున్నాం. ఎక్కడా లోటు లేదు. మే అన్న ఆ ఒక్క పిలుపు కోసం నేను ఎన్ని రకాలుగా ప్రయత్నించానో చెప్తే నవ్వుతారు. ఏం మే రూతా అని నేనే అని చూశాను. చెప్పండి టీచరమ్మా అనేది. ఆ ఉత్తరం సంగతి ఎత్తి క్షమాపణ అడగాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆమె మరిచిపోయి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఇదంతా ఆ సాయంత్రం ఫోను ముందు పెట్టుకొని కూర్చున్నాక ఒక్కటొక్కటే వచ్చి మీద పడ్డాయి. పందొమ్మిదేళ్ల పిల్ల చేసిన తప్పుకు ఏదో ఒక సాకు ఉంది, కొత్త చదువు, కొత్త మిడిసిపాటు. ఇప్పుడు ఏం సాకు? ఆ రోజు కనీసం అరగంట కూర్చుని రాశాను, కన్నీళ్లతో రాశాను. ఇప్పుడు కాఫీ చల్లారకముందే పంపేశాను. అప్పుడు బస్సు మోసుకుపోయింది, ఇప్పుడు ఫోను మోసుకుపోయింది. మోసేది మారింది, నేను మారలేదు. ఫోన్లను తిట్టే ముసలివాళ్లలో చేరే హక్కు నాకు లేదు. ఇంటి నుంచి కదలకుండా దుఃఖానికి హాజరు వేయించుకోవడం ఫోను రాకముందే నేర్చుకున్నదాన్ని నేను. ముప్పై ఏళ్లు ఊరి పిల్లలందరికీ నేర్పినదాన్ని కూడా నేనే.

మరునాడు తెల్లారే లేచి సంగటికి ఎసరు పెట్టాను. మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి చూశాడు.

"మెసేజ్ పెట్టినావు గదా. నిన్ననే సమాధి అయిపోయింది. మోకాళ్ల నొప్పులతో ఈ ఎండలో ఎందుకు?" అన్నాడు.

"పోవల్ల" అన్నాను. 

కుక్కరు అలవాటైన చెయ్యి. తెడ్డు కూడా లేదు, పప్పుగుత్తి కాడతో గెలికాను. ఉండలు కట్టింది. పారబోసి మళ్లీ వండాను. స్టీలు డబ్బాలో పెట్టి, పైన గుడ్డ కట్టి, నంద్యాల పోయే బస్సు ఎక్కాను. ఓర్వకల్లు దగ్గర మేం చిన్నప్పుడు సీతాఫలాలు ఏరుకున్న గుట్టల పక్కనే ఇప్పుడు విమానాలు దిగుతున్నాయి. దిగి, ఆటో మాట్లాడుకొని, ఊళ్లోకి పోయేసరికి మధ్యాహ్నం దగ్గర పడింది. దారి పొడుగునా డబ్బా నా ఒళ్లోనే ఉంది. కాస్త వేడి చీరలోంచి తగులుతూ ఉంటే, ఇంకా ఆలస్యం కాలేదులే అనిపించేది.

రూతమ్మ ఇంట్లో మేరీ, ఆమె చిన్నమ్మా ఉన్నారు. మేరికి నలభై ఏళ్లు ఉంటాయి, అచ్చం తల్లి ముక్కు. నన్ను చూసి గబగబా లేచి చేతులు పట్టుకుంది. అప్పుడు నా చేతిలోని డబ్బా చూసింది. గుడ్డ కట్టిన డబ్బా. అదేమిటో ఆమెకు వెంటనే తెలిసింది. ఆ మొహం మారిన తీరు నేను చచ్చేదాకా మరిచిపోను. వంటింట్లో గ్యాసు పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. పోపు వాసన వస్తోంది.

"తిన్యారా?" అని అడిగాను. అడగనక్కరలేదు.

"నిన్న రాత్రి తిన్యాము పెద్దమ్మా" అంది మేరి, తల వంచుకొని. "సమాధి కాడి నుంచి వచ్చినాక పెద్దోళ్లు అడిగినారు, ఎవురి చేతి ముద్ద అని. ఇప్పుడు ఎవురూ పట్టించుకోరు గానీ, అమ్మ పాతకాలం మనిషి గదా అని అడిగినారు. మీ పేరు చెప్పల్లని నోటిదాకా వచ్చినాది. పొద్దున్నే మీ మెసేజ్ చూసినా గదా. ఇంక మీరు రారులే అనుకున్నా. చెప్పలేదు."

నేను గోడ వారన కూర్చున్నాను. రూతమ్మ బస్సు కోసం చూసిన గోడ అదే. సిమెంటు పూత పూశారు, అంతే.

మేరి నా పక్కనే చతికిలబడింది. "మీరు తప్పనుకోవద్దు పెద్దమ్మా. అమ్మ పోయే ముందు రోజు చెప్పినాది, ముద్దకు అడిగితే సుగుణి పేరు చెప్పు మే, అడక్కున్నా ఒక పూట చూడు, వస్తాది, అని. సుగుణి ఎవురమ్మా అని అడిగినా నేను. మిమ్మల్ని ఎప్పుడూ టీచరమ్మ అనే గదా అనేది. నాకేం తెలుసు? ఇంగెవురు, మీ టీచరమ్మనే, అని నవ్వినాది."

సుగుణి. ఇన్నేళ్లూ ఆ పేరు ఆమె నోట్లోనే ఉంది. నేను వస్తానని ఆమె నమ్మింది. రెండోసారి కూడా నమ్మింది. నేను రెండోసారి కూడా ఆ వాక్యమే పంపాను. దాని అర్థం ఏమిటో ముప్పై ఏళ్లు బోర్డు మీద రాసిన నాకు తెలియలేదు. ఈ ఇంట్లో తల్లికీ కూతురికీ, వాళ్లకు ఇంగ్లీషు వచ్చినా రాకపోయినా, అది చేరగానే తెలిసింది. ఆ మనిషి ఇంక రాదు అని. నేను ఏడ్చాను. పెద్దదాన్ని, టీచర్ని, పరామర్శకు వచ్చినదాన్ని అని కూడా చూసుకోకుండా వాళ్ల గుమ్మం ముందు కూర్చుని గట్టిగా ఏడ్చాను.

కాసేపటికి మేరి నా ఒళ్లోంచి డబ్బా తీసుకుంది. గుడ్డ విప్పి చూసింది. సంగటి చల్లారి గట్టిపడింది.

"పొద్దున్నుంచి మీరేమన్నా తిన్యారా పెద్దమ్మా?"

లేదని తలూపాను. ఆమె లేచి పోయి చెయ్యి కడుక్కొని వచ్చింది. చిన్న ముద్ద తుంచి, నా నోటి దగ్గర పెట్టింది. నోరు తెరిచాను. ఆమె ఎడమ చెయ్యి నా వీపు మీద ఆనించి అట్లే కూర్చుంది. వాళ్లమ్మ నేర్పి ఉంటుంది, వాళ్లమ్మకు మా జేజి. ఆ ముద్ద మింగడానికి నాకు చాలాసేపు పట్టింది.